చిజుకో టంకం

మంచు మోకాలి దాకా పడ్డ మంగళవారం
పిల్లలు జారే ఎర్ర ప్లాస్టిక్ బల్ల మీద
పాత డబ్బా టీవీని పడుకోబెట్టి
తాడు నడుముకు చుట్టుకుని లాక్కొచ్చింది హిసాయో.
దుప్పటి కూడా కప్పింది,
ఆస్పత్రికి తెచ్చినట్టు.

అకితా కొండల కింద మా యార్డు.
తూకం, సంతకం, చీటీ అతికించడం నా పని.
చాలామంది కారు దిగరు.
డిక్కీ తెరిచి మొహం తిప్పుకుంటారు.
ఈమె చేతితొడుగులు తీసి
పోస్టాఫీసులో డబ్బు కట్టిన రసీదు
మడతలు విప్పి బల్ల మీద సాపు చేసింది.

"ఆదివారాలు మైకు పెట్టుకుని బుల్లి లారీ తిరుగుతుంది కదండీ,
పగిలినా పర్లేదు, పైసా వద్దు, పట్టుకుపోతాం అంటూ.
వాడికిచ్చేస్తే ఈ తిప్పలుండేవి కావుగా?"

"వాడెక్కడ పారేస్తాడో నాకు తెలుసు.
ఏప్రిల్లో నేను కొండకూరలు కోసే లోయలో.
మంచు కరగ్గానే అక్కడ ముందు మొలిచేవి
ఫ్రిజ్జు తలుపులు.
ఓ ఏడు వాగులో పదకొండు టీవీలు లెక్కపెట్టాను.
ఆ కిందే మేం కూర కడుక్కుంటాం."
కాసేపాగి,
"ఊరికే పట్టుకెళ్తానన్నవాడు
ఊరికే పట్టుకెళ్ళడు నాయనా."

తర్వాత, వెనక మూత ఒకసారి తీస్తావా అంది.
తీయకూడదు. లోపల గాజుబుడ్డి
ప్లగ్గు పీకినా కసి దాచుకుంటుంది.
విప్పేవాళ్ళు వేరే ఉన్నారు.

"టార్చి అయినా వెయ్యి."

గాలి రంధ్రాల్లోంచి వెలుతురు దూర్చాను.
ముప్పై ఏళ్ళ దుమ్ము, పిల్లి బొచ్చులా.
దాని వెనక, బుడ్డి మెడకు తగిలించిన చిన్న పలక,
పలక నిండా వెండి చుక్కలు.
హిసాయో కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి
పసివాడి చెవిలో ఏం దూరిందో చూస్తున్నట్టు
ఒంటికన్ను మూసి చూసింది.

పద్దెనిమిదేళ్ళకు చేరిందట, నది పక్క ఫ్యాక్టరీలో.
మూడో వరస, ఏడో కుర్చీ.
మిషను వదిలేసిన చోట్లు చేత్తో అతకాలి,
నిమిషానికి పద్నాలుగు.
పొగ ముక్కు కిందినుంచే పోయేది.
ఫ్యాను నాలుగో ఏట వచ్చింది.

"అయితే ఇది మీ చేతిదేనా!"
నాకు ఆత్రం.
ఇలాంటి కథ అలాగే ముగియాలి కదా.

"కాదు. నా చుక్క సన్నం.
ఇది చిజుకోది అనుకుంటాను.
ఎప్పుడూ ఓ బొట్టు ఎక్కువే పోసేది.
సీసం నీ అబ్బ సొమ్మా అని మేస్త్రీ తిట్టినా వినేది కాదు.
అతుకు ఊడితే ఎవరింట్లోనో బొమ్మ ఆగిపోతుంది, పాపం, అనేది."

"ఇప్పుడెక్కడుంటారు?"

"నలభై రెండేళ్ళకే పోయింది.
ఎందుకో ఎవరూ రాయలేదు."

చీటీ అతికించాను. చలికి జిగురు పట్టలేదు,
బొటనవేలితో చాలాసేపు నొక్కాల్సొచ్చింది.

"అక్కడ దీన్ని విప్పేదెవరు?
కిటికీలుంటాయా?
ఫ్యాను మొదటిరోజు నుంచే ఉందా?"

తొమ్మిదేళ్ళుగా లారీ ఎక్కిస్తున్నాను.
ఎవరూ అడగలేదు.
నేనూ ఎవర్నీ అడగలేదు.
తెలీదన్నాను.

"కనుక్కో" అంది,
పక్కింటినుంచి ఉప్పు తెమ్మన్నట్టు.
దుప్పటి మడిచి చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.
వెనకాల ఖాళీ బల్ల
ప్రతి గతుక్కీ ఎగిరెగిరి పడుతూ.

సాయంత్రం లారీ డ్రైవర్నడిగాను.
ఆయన నా వంక వింతగా చూసి
ఓ నంబరిచ్చాడు.
టీవీ వీపు మీద సుద్దముక్కతో రాశాను:
కిటికీలు తీసి విప్పండి.
వానకో, ఎవరి మోచేతికో చెరిగిపోతుంది. తెలుసు.

మర్నాడు ఆ నంబరుకి ఫోను చేసి
అవతల మోగుతుంటే వింటున్నాను.
గేటు దగ్గర మళ్ళీ ఎర్ర బల్ల.
దానిమీద ఈసారి రిమోటు ఒక్కటే,
పక్కన విడిగా రెండు సెల్లులు,
కొసలకు టేపు చుట్టి.

"మర్చిపోయాను" అంది హిసాయో.
"కనుక్కున్నావా?"

మోగుతోందండీ,
ఇంకా మోగుతోంది.